దస్తావేజులో లేనివి

బస్సు నడిపేవాళ్ళకు ఇళ్ళ సంగతి తెలిసిపోతుంది.
డాన్‌కాస్టర్ స్టాండు నుంచి పాత గని గేటు దాకా
ముప్పై ఏడో నంబరు, రోజుకు ఆరు ట్రిప్పులు.
మంగళవారం చెత్తడబ్బా బయట పెట్టని ఇల్లు,
మూడు వారాలుగా ఒకే ముడతతో వేలాడే కర్టెను,
ఆ తర్వాత కిటికీ అద్దానికి లోపలినుంచి అంటించిన కాగితం.
స్టీరింగ్ దగ్గరినుంచి ఆ అక్షరాలు ఆనవు.
చదవక్కర్లేదు కూడా.

పందొమ్మిదేళ్ళు అద్దె కట్టాను.
ఆ డబ్బుతో ఎవరి అప్పో తీరే ఉంటుంది.

అలా కంటబడింది ఫౌండ్రీ రోలో పద్నాలుగో నంబరు.
తాళం తీసిన ఏజెంటు కుర్రాడు
ఫోను చూసుకుంటూ గుమ్మంలోనే ఉండిపోయాడు.
కుళాయిలన్నిటికీ పసుపు టేపు,
టాయిలెట్ మూత మీద ‘వాడరాదు’,
గ్యాస్ మీటరుకు సీలు,
ఇల్లంతటికీ నోరు కట్టేసినట్టు.
వంటగది గోడకు సగం దాకా నీలం టైల్స్,
మిగతా సగం పెన్సిలు గీతలు.
డబ్బు ఏ టైలు దగ్గర అయిపోయిందో
వేలు పెట్టి చూపించవచ్చు అనుకున్నాను.

అంతే, మళ్ళీ పనిలో పడ్డాను.
చెమ్మ చూశాను, కప్పు చూశాను,
బాయిలరు వయసెంతని అడిగాను.
పెరట్లో ఆకుపచ్చ రంగు చెక్కగూడు, తలుపు తెరిచి ఉంది.
“అది కూల్చేసుకోవచ్చు” అన్నాడు కుర్రాడు, తలెత్తకుండా.

వేలం పాట అంటారు గానీ
రేస్‌కోర్సు పక్క హోటల్లో ఆరోజు ఎవరూ గొంతెత్తలేదు.
అందరం అట్టముక్కలు ఎత్తేవాళ్ళమే.
నలభై ఒక్క వేలు, ఒకటోసారి.
మా బ్రయొనీ నా మోచేయి గిల్లుతోంది.
నలభై మూడున్నర.
వెనక వరసలో తోలు జాకెట్టాయన తల అడ్డంగా ఊపాడు.
సుత్తి దెబ్బ బల్ల మీద పడిందో లేదో,
నా కడుపులో మాత్రం పడింది.
పదోవంతు అక్కడికక్కడే,
మిగతాది ఇరవై ఎనిమిది రోజుల్లో.

దిగిన మొదటి శనివారం
టేపులు పీకుతుంటే కప్పు మీద గోళ్ళ చప్పుడు.
పావురాలు. పదకొండు. కాళ్ళకు ఉంగరాలు.
ఒక్కొక్కటే దిగి గూటి ముందు నిలబడి
ఇంత ఆలస్యమేమిటన్నట్టు నావైపు చూశాయి.

చీకటి పడే వేళకు ఆయనొచ్చాడు, చేతిలో మూత బుట్ట.
నిన్నటిదాకా తనదైన గేటు బయట ఆగి
లోపలికి రావచ్చా అని అడిగాడు.
హెడ్లీ అక్‌రాయిడ్. ఆ పేరు మీద వచ్చిన ఉత్తరాలు
అప్పటికే నా మెట్ల కింద ఒక సంచి నిండా.
“స్కంథార్ప్‌లో మా చెల్లెలి పెరట్లో పెట్టాను తల్లీ.
వదిలితే చాలు, ఇక్కడికే.
వీటికి చెప్పే ఉపాయం ఏదీ లేదు.”

లీగల్ కాగితాలు ముప్పై రెండు పేజీలూ చదివినదాన్ని.
ప్రహరీ ఎవరిది, మురుగు గొట్టం ఎవరిది,
పునాది కింద బొగ్గు తవ్వారా లేదా,
అన్నీ ఉన్నాయి. పావురాల ఊసు లేదు.

మూడో శనివారం టీ ఇచ్చాను.
వంటగదిలో నిలబడే తాగాడు, గోడవైపు చూడకుండా.
కప్పు కడిగి బోర్లించి, చేయి తుడుచుకుని,
“మిగిలిన టైల్స్ గూటి నేల కింద ఉన్నాయి.
ముందే కొన్నాను, సరిపడా.
ఆ ఉత్తరం వచ్చాక చేయి లేవలేదంతే” అన్నాడు.

పన్నెండు పౌండ్లకు ఇస్తానన్నాడు.
ఇంటి దగ్గర వెయ్యికీ వెయ్యికీ వేలాడినదాన్ని,
బేరమాడలేదు.

టైల్స్ ఇంకా అంటించలేదు. గూడూ కూల్చలేదు.
శనివారాలు గేటుకు గడియ పెట్టను.

ముప్పై ఏడో నంబరు ఫౌండ్రీ రో దాటేటప్పుడు
ఇప్పటికీ అటు చూస్తాను.
చెత్తడబ్బా బయటే ఉంటుంది, పొద్దున పెట్టింది నేనే.
కప్పు మీద లెక్కపెడతాను.
తొమ్మిది.
ఇంకా రెండు రావాలి.
వెనకనుంచి ఎవరో బెల్లు కొడతారు.